మద్దిలేటి జుట్టు గురించి నేను రాయని మాట

పంతొమ్మిదేళ్ళ కిందట కోడుమూరులో మద్దిలేటి అనే నేతగాడు నాతో ఒక మాట చెప్పాడు. "ఇది చౌడమ్మకు మొక్కుకున్న జుట్టు సారూ. జ్యోతి ఎత్తినాక ఇచ్చేస్తా" అన్నాడు. ఆ మాట నా నోటుపుస్తకంలో రాసుకున్నాను. వ్యాసంలో రాయలేదు.

అప్పుడు నేను కర్నూలులో ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. ఒక స్థానిక వారపత్రికలో మతాల మీద ప్రశ్నలు వేస్తూ వరసగా వ్యాసాలు రాస్తున్నాను. సిక్కు మతం వంతు వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేశాను. ఇది ఎక్కడినుంచి పుట్టింది? దాని గ్రంథంలో దాని సొంతం ఎంత? పంజాబు ఎక్కడ, రాయలసీమ ఎక్కడ, ఇక్కడికి వచ్చి ఉచితంగా అన్నం పెట్టడం దేనికి? ప్రశ్నలు తప్పు కాదు. అవి ఈ రోజుకూ నాకు ఉన్నాయి. కానీ మూడో ప్రశ్నకు నాకొక సాక్ష్యం కావలసి వచ్చింది.

డోన్ దగ్గర హైవే మీద ఒక సర్దార్జీ ధాబా నడిపేవాడు. వెనక గదిలో గురు గ్రంథ సాహిబును ఉంచి, అక్కడ కూర్చున్న ఎవరికైనా ఊరికే భోజనం పెట్టేవాడు. ఆ గ్రంథం మీద కప్పే వస్త్రాలు నేసింది మద్దిలేటి. నేను చూసేనాటికి అతనికి భుజాల దాకా జుట్టు, గుండెల దాకా గడ్డం, తలకు గుడ్డ. సిక్కులకు జుట్టు తీయకపోవడం నియమం. మనవైపు జుట్టు పెంచడం దేవుడికి ఇవ్వడానికి. బయటినుంచి చూస్తే రెండూ ఒకటే. నేను బయటినుంచి చూడలేదు, అడిగి తెలుసుకున్నాను. అయినా పేరు, వీధితో సహా రాశాను: కోడుమూరులో ఒక నేత కుటుంబం అన్నానికి ఆశపడి మతం మారిందని.

వ్యాసాలు చిన్న పుస్తకంగా వచ్చాయి. రెండుసార్లు మళ్ళీ అచ్చయింది. సన్మానాలు జరిగాయి. కిందటి మార్గశిరంలో ఒక పెళ్ళిలో భోజనాల బంతిలో నా పక్కన కూర్చున్నాయన, నేనెవరో తెలిశాక, "ఓ, మద్దిలేటిని ఊరు ఇడిపించిన సారు నువ్వేనా?" అన్నాడు. అతను ఊరు విడిచాడని నాకు తెలియదు. తెలుసుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు కూడా.

ఫాల్గుణంలో బయలుదేరాను. ఐదు రోజులు, పాత లెక్కన రెండు జిల్లాలు. ఆ పుస్తకం చదివి, ఆ ఊళ్ళకు వెళ్ళని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

కోడుమూరు

బస్టాండు ముందు హోటల్లో ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు నలభై రూపాయలు. బజ్జీ కొరికితే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హోటలాయన చూసి, "ఏం సార్, కర్నూలోళ్ళు గూడా ఏడుస్తారా?" అన్నాడు. నేను ఎక్కడివాణ్ణో అతనికి చెప్పలేదు. చేతిలో సంచీ మీద కర్నూలు బట్టల దుకాణం పేరుంది.

మగ్గాల వీధిలో నాకు గుర్తున్న చప్పుడు సగం కూడా లేదు. మూడిళ్ళకొకటి తాళం. ఒక అరుగు మీద రాట్నం తిప్పుతున్న ముసలమ్మను మద్దిలేటి ఇల్లు అడిగాను.

"ఏ మద్దిలేటి? ఈడ నలుగురుండారు."

"జుట్టు పెంచుకున్న..."

"ఓ, సర్దారు మద్దిలేటా!" అని ఎదురుగా ఉన్న మూసిన తలుపు చూపించింది. "ఊరిడిసి పదారేండ్లాయ. నీకేమైతాడప్పా?"

"తెలిసినవాడమ్మా."

"తెలిసినోడివైతే ఇన్నేండ్లు యాడికి పోయినావు?"

గుడివైపు నడిచాను. చౌడమ్మ గుడి ముందు కట్ట మీద కులపెద్ద రామచంద్రప్ప కూర్చుని ఉన్నాడు. ఎనభై దగ్గర పడ్డాయి, గొంతు మాత్రం గట్టిది. జ్యోతుల పండుగ ఇంకా మూడు వారాలే ఉందని, పందిరికి వెదురు మాట్లాడుకుంటున్నారు. ఆ పండుగ తెలియని వాళ్ళకు చెబుతాను. బియ్యప్పిండి, బెల్లం కలిపిన పెద్ద ముద్దలో నెయ్యి వత్తి వెలిగించి, దాన్ని తల మీద పెట్టుకుని, ఇంటినుంచి గుడిదాకా మేళంతో వస్తారు. ఏ ఇంటి జ్యోతి ముందు కదలాలో తాతల నాటి వరస ఉంది. మొదటి జ్యోతి మద్దిలేటి ఇంటిది.

మద్దిలేటి సంగతి ఎత్తగానే రామచంద్రప్ప నన్ను కింద నుంచి పైకి చూశాడు.

"మేమేమన్నా అన్యాయం చేసినామా? ఒగటే అడిగినాం. 'నువ్వు సర్దారుల్లో కలవలేదంటే ఆ జుట్టు తీసెయ్యప్పా, జ్యోతి నీదే' అన్నాం. తీసెయ్యలే. 'జ్యోతి ఎత్తకుండా తీస్తే మొక్కు చెడతాది' అంటాడు. జ్యోతి ఎత్తాలంటే జుట్టు తీయాల. జుట్టు తీయాలంటే జ్యోతి ఎత్తాల. ఇంగ యాడ తెగుతాదప్పా అది?"

"మొక్కు నిజమే కావచ్చు కదా?"

"మేమూ మొదలు అట్లే అనుకున్నాం. శానా మంచోడు. కానీ ఒక సారు పుస్తకంలో రాసినాడు. సదువుకున్నోడు, వచ్చి చూసి, అడిగి రాసినాడు. అచ్చులో పడింది అబద్దమైతాదా?"

పక్కనున్నాయన అందుకున్నాడు. "మగ్గానికి నూలిచ్చే ఆసామి గూడా ఆ పుస్తకం సూసే నూలు నిలిపేసినాడు. మూడేండ్లు కూలికి పోయి, ఆనెక ఎల్లిపోయినారు."

నాకు టీ తెప్పించారు. ఆ సారు నేనేనని చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. రామచంద్రప్ప "ఇంగ కొంచెం తాగుతావా?" అన్నాడు. తాగుతానన్నాను. కోడుమూరులో ఆ రోజు నేను పలికిన నిజం అదొక్కటే.

డోన్ హైవే

రెండో రోజు పొద్దున్నే ధాబా చేరాను. నాపరాళ్ళ లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. గల్లా దగ్గర నలభయ్యేళ్ళ స్త్రీ, పంజాబీ డ్రెస్సు, చున్నీ. సర్దార్జీ కూతురు, పేరు హర్జీత్ కౌర్. లారీల వాళ్ళు "అర్జీతమ్మా, రెండు పరోటా!" అని కేకలు వేస్తున్నారు. ఆలుగడ్డ పరోటా అరవై రూపాయలు, పెరుగు పదిహేను. పక్కన చిన్న గిన్నెలో అడక్కుండానే చెనిగ్గింజల పొడి, అదే వేరుశనగ కారప్పొడి. ఆ రెండూ కలిపి తినడం ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు.

మీ నాన్నగారిని చూడాలన్నాను. "ఏ పని మీద సార్?" అంది. నా పేరు చెప్పాను. ఆమె పగలబడి నవ్వి, లోపలికి కేక వేసింది.

"నాయనా! నీ పుస్తకం సారొచ్చినాడు!"

అర్థం కాలేదు. ఆమే చెప్పింది. "మా నాయనకు తెలుగు మాట్లాడను వస్తాది, సదవను రాదు. నీ పుస్తకం వచ్చినాక, ఇందులో నన్ను ఏమని తిట్టినాడో నేనే సదవాలని మొండికేసినాడు. అదే వాచకం. అక్షరాలు నేర్పిచ్చింది నేను." అంటూ అలమరలోంచి తీసింది. నా పుస్తకమే. అట్ట ఊడి, దారంతో కుట్టి ఉంది. పేజీ పేజీకి పెన్సిల్ గీతలు. ఒకచోట గురువులు తొమ్మిది మంది అని రాశాను. పక్కన తెలుగులో పెద్ద వంకర అంకె: పది.

జోగిందర్ సింగ్ మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి కూర్చున్నాడు. డెబ్బై ఆరేళ్ళు. చుట్టుపక్కల ఊళ్ళకు ఆయన సర్దారప్ప. "తిన్నావా? పైసలిచ్చి తిన్నది తిండి కాదు. లోపలికి రా. తిన్నెంక కొట్లాడుదాం" అన్నాడు.

తలకు చేతిరుమాలు కట్టుకుని వెనక గదిలోకి వెళ్ళాను. నేల మీద చాపలు. ఇద్దరు డ్రైవర్లు, ఒక రైలు కూలీ, భిక్షమెత్తుకునే ముసలాయన, నేను, ఒకే వరసలో పప్పు, రొట్టె. ఎదురుగా చిన్న మంచం మీద గ్రంథం, పైన చాందినీ. గ్రంథం మీద కప్పిన వస్త్రం నూలుది, అంచు జరీది. నూలుకు జరీ అంచును అలా కలపడం కోడుమూరు చేతికే వచ్చు. అక్కడక్కడా అతుకులు ఉన్నాయి.

"ఆయప్ప నేసిందే. సినిగితే కుట్టుకుంటాండాం. వేరేవాళ్ళతో నేయించబుద్ధి కాలే" అన్నాడు సర్దారప్ప.

నా మూడు ప్రశ్నలు మళ్ళీ అడిగాను. ఈసారి జవాబులు రాస్తున్నాను.

రెండు మతాల ముక్కలు కలిపి కుట్టిందే మీ మతం అని రాశాను కదా, దానికేమంటారన్నాను.

"మొదటి గురువు హిందూ ఇంట్లో పుట్టినాడు. జీవితమంతా ఒక ముసల్మానును తోడు పెట్టుకుని తిరిగినాడు. మేము అది దాచిపెట్టింటే గదా నువ్వు కనిపెట్టేది? తల్లీ తండ్రీ ఎవరో తెలిసినంత మాత్రాన బిడ్డ లేడంటావా?"

ఆ గురువు కడప మీదుగా లంకకు నడిచాడని కొందరు చెబుతారే, అది నిజమా అన్నాను.

"మా తాత చెప్పేటోడు. కాగితం నేను చూడలే. నేను ఈడికొచ్చింది మాత్రం ఆయన అడుగులు ఎతుక్కుంటూ కాదు. లారీ యాక్సిల్ ఇరిగి."

హర్జీత్ గల్లా దగ్గరినుంచే, "ఆ యాక్సిల్ గట్టిదైంటే నేను మదరాసులో పుట్టేదాన్ని" అంది.

గ్రంథంలో చాలా భాగం ఇతరులది, అరువు సొత్తు అని రాశాను. సర్దారప్ప పుస్తకంలో ఆ పేజీ తెరిచాడు. గీతలు అక్కడ అన్నిటికంటే ఎక్కువ.

"అరువు తెచ్చుకున్నోడు పేరు దాస్తాడు సార్. మేము ఒక్కొక్కరి పేరు పెట్టి రాసుకున్నాం. ఇందులో నేతోడుండాడు, సెప్పులు కుట్టేటోడుండాడు, మంగలి ఉండాడు, ముసల్మాను ఫకీరు ఉండాడు. నేను దీనికి మొక్కినప్పుడు వాళ్ళందరికీ తల వంచినట్టే. ఒగదినం మద్దిలేటి గుడ్డ తెచ్చినప్పుడు ఆ నేతోని పాట ఒకటి సదివి అర్థం చెప్పినా. అందులో మగ్గం సంగతి ఉండాది. మొత్తం ఇని ఆయప్ప ఏమన్నాడో తెల్సా? 'ఈయప్పకు పని వచ్చు' అన్నాడు. అంతే. ఇంగేం మారలే ఆయప్ప."

విగ్రహాలు వద్దన్నవాళ్ళు పుస్తకాన్ని పొద్దున లేపి, రాత్రి పడుకోబెట్టి, వింజామర వీయడమేమిటి అని అడిగాను. ఇది పాత ప్రశ్న కాదు, కొత్తది. ఆయన గడ్డం నిమురుకున్నాడు.

"గురువును కూచోబెట్టుకున్నట్టు అంటారు. నాకు సరిపోయింది. మా ఆమెకు సరిపోలే. ఉన్నన్నాళ్ళూ దీని మీదే కొట్లాడేది."

చివరికి అన్నం సంగతి.

"కరువు ఏడు శానామంది తిన్నారు. ఒక్కడు మారినాడా? అట్లని మాకు ప్రచారం లేదని అబద్దం చెప్పను. మాలో ప్రచారకులుండారు. దుడ్లు పెట్టి పుస్తకాలు పంచేటోళ్ళుండారు. ఒకాయన ఈడికే వచ్చి, ఇన్నేండ్లలో ఎందర్ని చేర్చినావని నన్నడిగినాడు. ఒక్కర్ని గూడా లేదంటే మొగం మాడ్చుకున్నాడు. రొట్టె మాత్రం నాలుగు తిన్నాడు." మళ్ళీ ఆయనే అన్నాడు. "గ్రంథంలో కులం లేదు. మా ఊర్లో ఉండాది. ఒకే ఊరికి రెండు గురుద్వారాలు, రెండు వల్లకాళ్ళు. అది అడిగింటే తల దించుకునేటోణ్ణి. అది నువ్వు అడగనే లేదు. మిగతావి అడిగినావు, నేను అప్పుడూ ఇవే జవాబులు చెప్పినా. నువ్వు ప్రశ్నలు అచ్చేసి జవాబులు ఈడనే ఇడిసిపెట్టి పోయినావు."

నేను చేతులు జోడించబోయాను. ఆయన నా చేతులు పట్టుకుని కిందికి దించేశాడు.

"నాకేం పోలే. పొయ్యి ఎలుగుతానే ఉండాది. పోయింది ఆయప్పది. ఒంటిమిట్టకు ముందు మాధవరం అని మగ్గాలూరు. ఆడికి పో."

కడప

గుత్తి మీదుగా రైలు. ఎదురు సీట్లో ప్రొద్దుటూరు దంపతులు, ఒళ్ళో ఏడాది పాప. పాప తల మీద జుట్టంతా ఒత్తుగా ఉండి, నడినెత్తిన ఒక పాయ మాత్రం విడిగా రిబ్బనుతో కట్టి ఉంది. ఏమిటని అడిగాను.

"ఆ పాయ దర్గాలో పీరుకు ఇడిసింది సార్. మిగతాదంతా తిరుపతికి" అంది తల్లి, గాజులూ పసుపుతాడూ సర్దుకుంటూ. "బిడ్డ నిలబడాలని మా అత్త పీరుకు మొక్కింది, మా అమ్మ ఎంకటేశ్వరస్వామికి మొక్కింది. ఎవురి మాట కాదంటాం?"

"ఇద్దరు దేవుళ్ళు తలకాయ పంచుకున్నారు" అన్నాడు తండ్రి. "నాకు మాత్రం బట్టతల ఇచ్చినారు."

కడపలో దిగి వాళ్ళతోపాటే పెద్ద దర్గాకు వెళ్ళాను. వాకిట్లో పూలమ్మే ఆయన, తలకు గుడ్డ లేదని నాకొక జాలీ టోపీ అందించాడు. పది రూపాయలు. లోపల ఫ్యాను గాలికి అది ఎగిరి ఒక పెద్దమనిషి ఒళ్ళో పడింది. ఆయన నవ్వి మళ్ళీ నా తలకు పెట్టాడు. కడపలో చుట్టాలున్నందువల్ల చిన్నప్పటినుంచి ఇరవైసార్లయినా అక్కడ తల కప్పుకుని ఉంటాను. నువ్వు తురకల్లో కలిశావా అని నన్ను ఎవరూ అడగలేదు. అడిగేవాళ్ళుంటారన్న ఊహే నాకు రాలేదు. ఇదంతా తెలిసిన నేలమీద పుట్టినవాణ్ణి, తెలియని వాడిలాగా రాశాను.

ఆ సాయంత్రం కారం దోసె తిన్నాను. యాభై రూపాయలు, బొంబాయి చట్నీతో. బాగుందని రాయడానికి మనసు ఒప్పడం లేదు గానీ, బాగుంది.

మాధవరం

మూడో రోజు పొద్దున మాధవరంలో దిగి మద్దిలేటి ఇల్లు అడిగితే ఎవరికీ తెలియలేదు. కోడుమూరు నుంచి వచ్చిన నేతాయన అన్నాను. కిరాణా కొట్టు ఆయన వెంటనే, "సర్దారప్పనా? అద్దో, ఆ నీలం తలుపు" అన్నాడు.

నీలం తలుపు దాకా నడిచాను.

తలుపు తీసే ఉంది. గుంట మగ్గంలో నడుము దాకా దిగి ఒక మనిషి నేస్తున్నాడు. తెల్లటి గడ్డం పొట్ట దాకా ఉంది. తెల్లటి జుట్టు ఎత్తి నడినెత్తిన ముడివేసి, మీద తుండుగుడ్డ చుట్టాడు. పంతొమ్మిదేళ్ళ కిందట నేను రాసిన అబద్ధం ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉన్నాడు.

నేనెవరో చెప్పాను. నాడె ఆగలేదు. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు నాలుగుసార్లు పోయింది.

"గుర్తుండావు" అన్నాడు. "అప్పుడు నల్లంచు కళ్ళద్దాలుండె."

లోపలినుంచి ఆయన భార్య నాగమ్మ వచ్చి గుంజకానుకుని నిలబడింది. నేను దారంతా కూర్చుకున్న మాటలు మొదలుపెట్టాను. మద్దిలేటి చెయ్యెత్తాడు.

"నాకెందుకు సారూ చెప్తావు? నా జుట్టు ఎందుకుందో నాకు తెల్దా?"

"అప్పుడు నేను..."

"యాడ నమ్మినారో ఆడ చెప్పు. ఈ మూల గదిలో చెప్తే మగ్గం ఇంటాది, నేనింటా. మేమిద్దరం ఎరిగిందే."

జుట్టు ఇంకా ఎందుకుంచారని అడిగాను. అడగకూడని ప్రశ్న అని తెలుసు, అయినా ఈసారి జవాబు కావాలి.

"జ్యోతి ఎత్తినాక ఇస్తానని అమ్మకు చెప్పినా. ఎత్తనియ్యలే. కాబట్టి ఇంగా ఇయ్యలే. మొక్కిన దినంనుంచి ఇది ఆమెది. నాది కానిదాన్ని నేనెట్ల కోస్తా?"

"నా కడుపులో గడ్డ లేచింటే మొక్కుకున్నాడు" అంది నాగమ్మ. "నా పానం కోసం పెంచిన జుట్టది. నేను బతికినా. ఆ జుట్టు మాత్రం పోలే. ఎండాకాలమొస్తే తలంతా పొక్కులు. ఈ ఊరోళ్ళు ఈయప్ప పేరే మర్సిపోయినారు. నువ్వు రాసిన పుస్తకం ఈయప్ప తల మీద మొల్సింది సారూ."

నేను రేపే బయలుదేరి కోడుమూరు వెళ్ళి, గుడి ముందు, పెద్దలందరి ముందు చెబుతానన్నాను. మీరూ రండి అన్నాను.

"పిలవకుండా నేను పోను" అన్నాడు మద్దిలేటి. మగ్గం మళ్ళీ కదిలింది.

"ఈయప్ప రాడు. నేనొస్తా" అంది నాగమ్మ. "నువ్వు ఒక మాట ఇని ఇంగొగటి రాసే రకం. ఆడికి పోయి ఏం చెప్తావో నేను నిలబడి ఇంటా."

తిని పొమ్మన్నారు. రాగిసంగటి, పుంటికూర పప్పు, ఉల్లిగడ్డ. నేను తింటున్నంతసేపూ మద్దిలేటి పని చేస్తూనే ఉన్నాడు. మధ్యలో ఒక్కసారి, "డోన్ సర్దారప్ప మోకాళ్ళు ఎట్లుండాయి?" అని అడిగాడు. బాగాలేవన్నాను. గ్రంథం మీది గుడ్డకు అతుకులు వేశారని చెప్పాను. "అతుకులేసినారా?" అని మగ్గం ఆపి, పడుగు దారాలను అరచేత్తో తడిమాడు.

ఒంటిమిట్ట

పెద్ద పనికి పోతున్నామని, రాముణ్ణి చూశాకే బస్సెక్కుతానని నాగమ్మ పట్టుబట్టింది. నాలుగో రోజు పొద్దున దర్శనం చేసుకుని వచ్చేసరికి నా చెప్పులు లేవు. ఎండకు బండలు కాలుతుంటే ఎగురుకుంటూ వెళ్ళి నూట ఇరవైకి రబ్బరు చెప్పులు కొన్నాను. నా సైజు లేదు. మడమలు బయటికి వేలాడుతుంటే నాగమ్మ ఆ ప్రయాణంలో మొదటిసారి నవ్వింది.

"పోతే పోనీలే సారూ. కొండంత పోవాల్సింది కాళ్ళజోడుతో పోయింది."

గుడి దగ్గరి బావి కథ ఆమే చెప్పింది. ఒకప్పుడు ఇటు అధికారిగా వచ్చిన ఒక ముసల్మాను, మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా అని అడిగాడట. మనసారా పిలిస్తే పలుకుతాడన్నారట. అతను పిలిచాడు. లోపలినుంచి జవాబు వచ్చిందట. అప్పుడు ఆ బావి తవ్వించాడట. ఇది జరిగిందా అని చరిత్ర మాస్టారుగా నేను అడగాలి. అడిగేలోపే ఆమె అంది.

"జరిగిందో లేదో నాకు తెల్దు. కానీ ఆయప్ప గూడా నీ మాదిరే ప్రశ్న అడిగినోడే గదా. జవాబొచ్చేదాకా నిలబడినాడు. వచ్చినాక దాన్ని మింగేయలే."

కర్నూలు దాకా బస్సులో ఆమె కిటికీకి తల ఆనించి పడుకుంది. నేను పడుకోలేదు. ఏం చెప్పాలో మనసులో రాసుకుంటూ, కొట్టేసుకుంటూ వచ్చాను.

మళ్ళీ కోడుమూరు

ఐదో రోజు శుక్రవారం. ముందు రాత్రి కర్నూలులో మా ఇంట్లో ఆగి పొద్దున్నే బయలుదేరాం. మగ్గాల వీధిలోకి రాగానే రాట్నం ముసలమ్మ నాగమ్మను చూసి, చేతిలో నూలు వదిలేసి లేచింది. మా వెనకే గుడిదాకా వచ్చింది. దారిలో ఒకరొకరుగా ఇంకో పదిమంది కలిశారు.

జ్యోతుల వరస మాట్లాడుకోవడానికి పెద్దలు కట్ట మీద చేరి ఉన్నారు. రామచంద్రప్ప నాగమ్మను చూసి సర్దుకుని కూర్చున్నాడు. తర్వాత నన్ను గుర్తుపట్టాడు.

"ఏమప్పా, మొన్న టీ తాగి పోతివి? ఈయమ్మను యాడ పట్టినావు?"

"ఆ పుస్తకం రాసింది నేనే" అన్నాను.

కూర్చున్నవాళ్ళలో ఒకాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

మద్దిలేటి మతం మారలేదని చెప్పాను. అతను డోన్ వెళ్ళింది నేసిన గుడ్డ ఇవ్వడానికని, అక్కడ తిన్నది ఎవరైనా తినే అన్నమేనని, నేనూ తిన్నానని, తలకు గుడ్డ ఆ గదిలో అందరూ కట్టుకునేదేనని చెప్పాను. జుట్టు చౌడమ్మదే అన్నాను. "రాయడంలో పొరపాటు జరిగింది" అన్నాను.

"పొరపాటా?" అంది నాగమ్మ.

బస్సులో రాసుకుని కొట్టేసిన మాటల్లో అది లేదు. అది అప్పటికప్పుడు నోటికి వచ్చిన మాట, నన్ను కాచుకోవడానికి. ఆమె దాన్ని అక్కడే పట్టుకుంది.

రామచంద్రప్ప ముందుకు వంగాడు. "ఒగటి చెప్పు సారూ. ఆ జుట్టు మొక్కుబడిదని, రాసేటప్పుడు నీకు తెల్సా తెల్దా?"

"తెలుసు. అతనే చెప్పాడు."

"తెల్సీ రాసినావా?"

"తెలిసే రాశాను. ఆ మాట పెడితే నా వ్యాసం నిలబడదు. అందుకని పెట్టలేదు."

వెనకనుంచి ఎవరో బూతు తిట్టారు. రామచంద్రప్ప వాళ్ళను గమ్మునుండమనలేదు. తన చేతుల్ని చూసుకుంటూ, "అయితే మేము ఒక మొక్కు ఉన్నోన్ని మొక్కు తెంచుకోమన్నాం" అన్నాడు నెమ్మదిగా. తర్వాత నాగమ్మవైపు తిరిగాడు. "అమ్మా, మొదటి జ్యోతి ఆ ఇంటిదే. ఇన్నేండ్లు వేరేవాళ్ళు మోసినారు గానీ వరస మార్చలే. మేమే మనిషిని పంపి పిలిపిస్తాం."

"అది మీరు ఆయప్పకు చెప్పుకోవాల్సింది, చెప్పుకోండి" అంది నాగమ్మ. "ఈ సారు చెప్పుకోవాల్సింది ఇంగా చెప్పలే."

కొంగు ముడిలోంచి ఫోను తీసి, నొక్కి, స్పీకరు పెట్టి, చెయ్యి చాపి నా ముందు పట్టుకుంది. అవతల మగ్గం చప్పుడు వినిపించి, ఆగింది. "ఊఁ" అన్నాడు మద్దిలేటి. ఇటు వీధి వీధంతా నిలబడి ఉంది.

"మద్దిలేటన్నా, నేను కర్నూలు సారును. కోడుమూరులో, చౌడమ్మ గుడి ముందర, మీ కులపెద్దలు, మీ వీధివాళ్ళు అందరూ ఇంటాండంగా చెప్తాండా. నీ జుట్టు అమ్మకు మొక్కిందని నువ్వు నాకు చెప్పినావు. నేను ఇన్నా. ఇని, రాసుకుని, తెల్సీ దాచిపెట్టినా. పొరపాటు కాదు. నా పేరు కోసం చేసినా. నీ జ్యోతీ, నీ మగ్గమూ, నీ ఊరూ నావల్లే పోయినాయి. నన్ను మన్నించన్నా."